న్యూరెంబర్గ్ సంతలో మా గుంటూరు లిస్టు

2001 ప్రాంతంలో మా గుంటూరులో ఎవరైనా ఫారిన్ వెళ్లారంటే, వాళ్లు తిరిగొచ్చేలోపు ఒక లిస్టు తయారవడం ఖాయం. అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఏదో ఒక దారిలో అడిగేవాళ్లు. "నీకు వీలైతేనేరా, పెట్టెలో చోటుంటేనే" అని మొదలుపెట్టి, బ్రాండు పేరు, సైజుతో సహా చెప్పేసేవాళ్లు. నేను కంపెనీ పని మీద జర్మనీలో న్యూరెంబర్గ్ వెళ్లిన ఏడాది ఆ లిస్టు ఉత్తరంలో వచ్చింది. అమ్మ చేతిరాత. పైన ప్రభువు నామమున దీవెనలు, కింద రెండు లైన్ల కుశలం, "చలికి చెవులు కప్పుకో" అని ఒక ముక్క, ఆ తర్వాత పేజీన్నర సామాను.

అత్తయ్యకి నీవియా క్రీము నీలం డబ్బా, "ఇక్కడ దొరికేది కాదు, అక్కడిదే". బాబాయికి సోలింగెన్ గోళ్ల కత్తెర. పిన్నికి సెంటు, సీసా మీద 4711 అని నంబరు ఉంటుందట. అక్క కొడుక్కి బొమ్మ. తమ్ముడికి ఎక్కడివైనా నాణేలు, వాడికి అప్పట్లో ఆ పిచ్చి. పక్కింటివాళ్లకి, ఎదురింటివాళ్లకి, నాన్న స్కూల్లో స్టాఫ్‌కి, పాస్టరు అయ్యగారి పిల్లలకి చాక్లెట్లు. నాన్న పేరు ఎదురుగా "ఏమీ వద్దన్నారు" అని ఉంది. నాయనమ్మ పేరు ఎదురుగా "నువ్వొస్తే చాలంది" అని ఉంది. లిస్టు మొత్తంలో కష్టమైనవి ఈ రెండే.

ఆ క్రిస్మస్ జర్మనీ పాత డబ్బు మార్కులకి ఆఖరి క్రిస్మస్. 2002 జనవరి 1 నుంచి యూరో నోట్లు, నాణేలు చేతికొస్తాయి. అందుకని షాపుల్లో ప్రతి వస్తువు మీదా రెండు ధరలు రాసేవాళ్లు, మార్కుల్లో ఒకటి, యూరోల్లో ఒకటి. మూడో ధర నేను మనసులో వేసుకునేవాణ్ణి. అప్పటికి మార్కు దాదాపు 22 రూపాయలు. కాఫీ తాగినా, బస్సెక్కినా 22తో గుణించడమే. కొత్తగా విదేశం వెళ్లిన తెలుగువాడికి ఎక్కాలు మళ్లీ అక్కడే వస్తాయి. ఎనభై మార్కుల స్వెట్టర్ ముందు నిలబడి "పదిహేడు వందల అరవై" అని పైకే అనేసి, పక్కనున్న ముసలాయన నావైపు తిరిగి చూడటం నాకింకా గుర్తుంది.

షాపింగ్‌కి టైము దొరకడం ఇంకో టెన్షన్. డిసెంబర్లో అక్కడ నాలుగుంపావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి చిమ్మచీకటి. ఆ రోజుల్లో అక్కడి చట్టం ప్రకారం షాపులు మామూలు రోజుల్లో రాత్రి 8కి, శనివారం సాయంత్రం 4కి మూసేయాలి. క్రిస్మస్ ముందు నాలుగు శనివారాలు మాత్రం 6 దాకా తెరిచి ఉంచనిచ్చేవాళ్లు. ఆదివారం అంతా బంద్. ఆదివారం కూడా తెరిచి ఉండేది ఒక్క క్రిస్మస్ సంతే.

ఆ సంతకి నన్ను మొదట తీసుకెళ్లింది మా ఇంటి ఓనరమ్మ. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది, పై గది నాకు అద్దెకిచ్చింది. ఆవిడ ఇంగ్లీషూ నా జర్మనూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉండటం వల్ల మాటలు బాగానే సాగేవి. డిసెంబర్ 6 పొద్దున ఆఫీసుకి బయల్దేరి బూటులో కాలు పెడితే ఏదో అడ్డం తగిలింది. తీసి చూస్తే బంగారు కాగితం చుట్టిన చాక్లెట్, రెండు అక్రోట్లు. సెయింట్ నికొలాస్ రోజట, పిల్లలు బూట్లు బయట పెడితే ఆయన నింపి వెళ్తాడట. ఇంట్లో పిల్లలు లేరు కాబట్టి ఆ ఏడాది పిల్లాణ్ణి నేనే.

ఆ సాయంత్రం థాంక్స్ చెబుదామని వెళ్తే ఆవిడ అడిగింది, మీ దేశంలో క్రిస్మస్ ఉంటుందా అని. ఉండటమేమిటి, మేము లూథరన్లం అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నా మొహంలోకి చూసింది. జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ మనుషులు ఇండియాలో ఏం చేస్తున్నారని ఆవిడ సందేహం. న్యూరెంబర్గ్ 1525లోనే లూథర్ వైపు తిరిగిన ఊరు, ఆవిడా లూథరనే. నేను మా సండే స్కూల్లో నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను. హయ్యర్ అనే ఆయన 1793లో జర్మనీలోనే హెల్మ్‌ష్టెట్ అనే ఊళ్లో పుట్టాడు, చిన్నతనంలోనే అమెరికా వెళ్లాడు, అక్కణ్ణుంచి మిషనరీగా 1842 జూలై 31న గుంటూరు చేరాడు. మా గుడి, మా స్కూళ్లు, ఆంధ్రా క్రిస్టియన్ (ఏసీ) కాలేజీ అన్నీ ఆ మిషన్ వేసిన మొక్కలే. హయ్యర్ పేరు ఆవిడ ఎప్పుడూ వినలేదు. హెల్మ్‌ష్టెట్ పేరు మాత్రం చాలా బాగా తెలుసు. దేశం రెండు ముక్కలుగా ఉన్నప్పుడు బెర్లిన్ వెళ్లే రోడ్డు మీద సరిహద్దు చెక్‌పోస్టు అక్కడే. గంటలకొద్దీ కార్లో కూర్చున్న ఊరది ఆవిడకి. మాకేమో క్యాలెండర్లో హయ్యర్ ఫొటో కింద ఉండే ఊరు.

ఆ శనివారం మధ్యాహ్నం ఆవిడే బయల్దేరదీసింది. "నీ లిస్టు నాకివ్వు" అంది. తెలుగులో ఉందన్నాను. "అయితే చదువు" అంది.

సంత జరిగేది ఊరి నడిబొడ్డున హౌప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకులో. దాదాపు 180 చెక్క దుకాణాలు, ప్రతిదాని మీదా ఎరుపూ తెలుపూ చారల గుడ్డ పైకప్పు. కర్రా గుడ్డా కలిపి కట్టిన బుల్లి పట్నం అని వాళ్లే చెప్పుకుంటారు. దాల్చినచెక్క, వేయించిన బాదం, బొగ్గుల మీద కాలే సాసేజీలు, అన్నీ కలిసి ఒక వాసన. వేలెడంత సాసేజీలు మూడు ఒక రొట్టెలో కుక్కి ఇస్తారు, చేతులు వేడి చేసుకోవడానికీ అదే, కడుపుకీ అదే.

ఈ సంత ఎంత పాతదో చెప్పడానికి దొరికిన సాక్ష్యం నాకు భలే నచ్చింది. 1628లో ఒక అమ్మాయి ఇంకొక ఆవిడకి ఈ సంత నుంచి పంపిన చిన్న చెక్క పెట్టె, మీద పూలు పెయింట్ చేసింది. ఎవరు ఎవరికి పంపారో, ఏ ఏడాదో అడుగున రాసి ఉంది. ఆ ఊరి మ్యూజియంలో పెట్టారు. రాజశాసనమో పన్ను రసీదో కాదు, ఎవరో ఎవరికో ఇచ్చిన క్రిస్మస్ గిఫ్టు.

యుద్ధం రోజుల్లో సంత ఆగిపోయింది. 1945 జనవరి 2 రాత్రి బాంబులు పడి పాత ఊరు నేలమట్టమైంది. మళ్లీ 1948లో మొదలుపెట్టారు. అప్పటికి ఓనరమ్మ చిన్నపిల్ల. చుట్టూ శిథిలాలే, మధ్యలో ఈ గుడ్డ కప్పులు అంది. వాళ్లమ్మ ఏం కొనిచ్చిందని అడిగాను. "ఏమీ లేదు, చూడటానికే వెళ్లాం" అంది మామూలుగా, చూపు మాత్రం దుకాణంలో కొవ్వొత్తుల ధరల మీదే ఉంది.

మన సంతకీ దీనికీ అసలు తేడా బేరం. ధర అడిగి, మొహం చిట్లించి, రెండడుగులు వెనక్కి వేసినా ఎవ్వరూ పిలవరు. ఇంకా రెండడుగులు వేస్తే మర్యాదగా "మంచిది, వెళ్లి రండి" అంటారు.

పిల్లలకి గిఫ్టులు తెచ్చేది మన దగ్గర క్రిస్మస్ తాత. మా పేటలో క్యారల్స్ రౌండ్లో దూది గడ్డం పెట్టుకున్న తాత వచ్చి బిళ్లలు విసిరేవాడు. ఇక్కడ మాత్రం పుట్టిన బాలయేసే స్వయంగా తెస్తాడు, సంతకీ ఆయన పేరే. పునీతుల పండగ మీద కాకుండా క్రీస్తు పుట్టుక మీద పిల్లల దృష్టి నిలవాలన్న లూథర్ కాలపు ఆలోచన ఇది. కానీ సంత మొదలయ్యే రోజు సాయంత్రం ఫ్రావెన్‌కిర్షె చర్చి బాల్కనీలో ఆ బాలయేసుగా నిలబడేది ఒక టీనేజి అమ్మాయి. బంగారు కిరీటం, ఉంగరాల జుట్టు, తెలుపూ బంగారు రంగూ కలిసిన బట్టలు. రెండేళ్లకోసారి ఊళ్లో అమ్మాయిల్లోంచి ఎన్నుకుంటారు. ఇది మా నాయనమ్మకి ఎలా చెప్పాలో నాకు అర్థం కాలేదు, చివరికి చెప్పలేదు కూడా.

కొనడం మొదలైంది. అమ్మకి ఏంజెల్. కాగితంలాంటి పల్చటి ఇత్తడి రేకుతో మడతలు మడతలుగా గౌను, మైనపు మొహం, చేతులుండవు. చనిపోయిన కూతురు కల్లో దేవదూతగా కనిపిస్తే, ఆ రూపంలో ఒక బొమ్మల పనివాడు మొదటిది చేశాడని కథ. నలభై మార్కులు. 22తో గుణించకుండా కొన్న మొదటి వస్తువు అదే, ఎందుకంటే ఓనరమ్మ నా మొహం వైపే చూస్తోంది.

తర్వాత ఎండు ఆల్‌బకరా పళ్ల మనిషి. కాళ్లూ చేతులూ తీగకి గుచ్చిన ఎండుపళ్లు, తల అక్రోటు కాయ, దాని మీద పెయింట్ చేసిన కళ్లు, ముక్కు. ఒంటి మీద బట్టలు. దుకాణంలో ఇలాంటివి వరసగా వందలు: పెళ్లికొడుకు, పోలీసు, చిమ్నీ తుడిచేవాడు, వయొలిన్ వాయించేవాడు. ఇంట్లో ఒకడుంటే డబ్బుకీ అదృష్టానికీ లోటుండదని సామెత ఉందట. నేను కళ్లజోడు పెట్టుకున్న మాస్టారిని తీసుకున్నాను. వాడు నాన్నలాగే ఉన్నాడు.

అక్క కొడుకు బొమ్మకి దూరం వెళ్లక్కర్లేదని ఓనరమ్మ అంది. ప్లేమొబిల్ కంపెనీ పక్కనే జిర్న్‌డోర్ఫ్‌లో ఉంది. న్యూరెంబర్గ్ ఎప్పటినుంచో బొమ్మల ఊరు. ఇక్కడి చిల్లర సామాను దేశదేశాలూ తిరుగుతుందని వాళ్ల పాత నానుడి. గుర్రం, కత్తి, డాలు ఉన్న యోధుణ్ణి కొన్నాను.

వేడి వేడి ద్రాక్షసారా తాగేవాళ్లు చుట్టూ గుంపులు గుంపులుగా. నేను పిల్లల పళ్లరసం తీసుకున్నాను. కప్పుకి విడిగా డిపాజిట్ కట్టించుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బులు తిరిగిస్తారు. కప్పు మీద సంత బొమ్మ ముద్రించి ఉంది. డిపాజిట్ వదిలేసుకుంటే కప్పు మనదే. చాలామంది అదే చేస్తారని ఓనరమ్మ చెప్పాక లిస్టులో లేని ఒక గిఫ్టు పెరిగింది.

నాన్న సంగతి తేలింది కూడా ఆ కప్పు దగ్గరే. డబ్బులివ్వడానికి గ్లవ్స్ తీసి, కొంకర్లు పోయిన వేళ్లతో పర్సులోంచి పది మార్కుల నోటు లాగాను. అన్నాళ్లుగా ఆ నోట్లు ఖర్చు పెడుతున్నాను, మొహం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. దాని మీదున్నది గణిత శాస్త్రవేత్త గౌస్. ఆయన పక్కన గంట ఆకారంలో గ్రాఫు, దాని సూత్రం అంకెలూ అక్షరాలతో సహా. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లుగా బోర్డు మీద సుద్దముక్కతో గ్రాఫులు గీస్తున్న మనిషి. లెక్కల సూత్రం నోటు మీద వేసిన దేశం ఒకటుందని ఆయనకి చూపించాలనిపించింది. అదీ ఇంకో మూడు వారాల్లో చెల్లకుండా పోయే నోటు. సోమవారం బ్యాంకుకెళ్లి మడత పడని కొత్తది అడిగి తీసుకున్నాను.

నోటొక్కటే ఇస్తే బాగోదని పెన్సిళ్లు కూడా కొన్నాను. మన ఇంజినీరింగ్ డ్రాయింగ్ క్లాసుల్లో దేవుళ్లలా చూసుకున్న స్టెడ్‌లర్ న్యూరెంబర్గ్ కంపెనీయే, 1835 నుంచి ఉంది. ఫేబర్-కాసిల్ ఊరికి ఆనుకునే ఉన్న స్టైన్‌లో 1761లో పుట్టింది. ముదురాకుపచ్చ రంగు కాసిల్ 9000 డజను, రేకు డబ్బాలో.

బ్యాంకులో ఇంకో సంగతి తెలిసింది. డిసెంబర్ 17 నుంచి కొత్త యూరో నాణేలు చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మారు. 20 మార్కులకి 20 నాణేలు, విలువ 10.23 యూరోలు. జనవరి 1 దాకా వాటితో ఏమీ కొనలేం. క్యూలో నా ముందున్నవాళ్లందరూ ముసలివాళ్లే, ప్యాకెట్టు చించి అక్కడే లెక్కపెట్టుకున్నారు. తమ్ముడి సమస్య తీరింది.

నాయనమ్మకి మాత్రం ఏమీ తోచలేదు. శాలువా ఉంది, ఉన్ని సాక్సులు గుంటూరులో ఎందుకు, చాక్లెట్ పళ్లకి అంటుకుంటుంది. ఓనరమ్మే తేల్చింది: ముసలివాళ్లకి లెబ్‌కూఖెన్ అని. బిస్కెట్టుకీ కేకుకీ మధ్యరకం. న్యూరెంబర్గ్‌లో అసలైన మేలు రకాన్ని ఎలీజెన్ అంటారు, అందులో బాదం, హేజెల్‌నట్, అక్రోటు లాంటి గింజలు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతం మించకూడదు. తేనె, దాల్చినచెక్క, లవంగం, యాలకులు. పళ్లు లేకపోయినా నమలొచ్చు. ఊరి బొమ్మ వేసిన రేకు డబ్బా ఒకటి తీసుకున్నాను.

ఎయిర్‌లైన్స్ వాళ్లిచ్చేది 20 కిలోలు. ఓనరమ్మ బాత్రూమ్ తూకం మీద ముందు నేను ఒక్కణ్ణే ఎక్కడం, తర్వాత సూట్‌కేసు ఎత్తుకుని ఎక్కడం, తీసివేత చేయడం. నీవియా డబ్బాలు ఎంత బరువుంటాయో ఆ రాత్రి తెలిసింది. సెప్టెంబర్లో అమెరికాలో జరిగినదాని తర్వాత చేతిసంచుల తనిఖీ గట్టిగా ఉండేది. బాబాయి కత్తెర సూట్‌కేసు అడుగుకి పోయింది, ఏంజెల్ నా ఒళ్లో కూర్చుని మద్రాసు దాకా వచ్చింది.

ఇంటికి చేరేసరికి అరిసెల పాకం వాసన. గుమ్మం మీద వెదురు పుల్లలతో కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం, లోపల బల్బు. పెట్టె విప్పడం ఒక తతంగం, అది అందరికీ తెలిసిందే. నీవియా, సెంటు, కత్తెర ఐదు నిమిషాల్లో మాయం. చాక్లెట్లని అమ్మ లెక్కపెట్టి మూడు భాగాలు చేసింది: మనకి, ఇరుగుపొరుగుకి, "ఎవరైనా వస్తే". పిల్లాడు గుర్రాన్ని వదిలేసి ఎండుపళ్ల మాస్టారిని చూసి ఏడుపు లంకించుకున్నాడు. నాన్న గౌస్ నోటు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, సూత్రం ఒక్కొక్క అక్షరం చదివారు. తప్పేమైనా ఉందేమోనని చూశారట.

నాయనమ్మ డబ్బా మూత తీసి ఒకటి చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తిప్పింది. అడుగున తెల్లటి, పల్చటి, గుండ్రటి పొర. వెంటనే దాన్ని పళ్లెంలో పెట్టేసి, చెంగు తల మీదికి లాక్కుంది.

"ఇది గుళ్లో ప్రభువు బల్ల దగ్గర అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చే అప్పం కదరా."

కాదు నాయనమ్మా, పిండి పెనానికి అంటుకోకుండా అడుగున అలా వేస్తారు అన్నాను. పూర్వం మఠాల్లో వీటిని చేసేవాళ్లు, అక్కడ ఈ అప్పాలు ఎలాగూ ఉండేవి, అలా మొదలైంది అన్నాను. "అంటే అప్పమే" అంది. ఆ రాత్రి డబ్బా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. బీరువాలో బైబిలు పక్కన పెట్టింది.

మర్నాడు క్యారల్స్‌తో పాస్టరు అయ్యగారు వచ్చినప్పుడు డబ్బా ఆయన ముందుకి తెచ్చింది. ఆయన ఒకటి తీసి, వెనక్కి తిప్పి చూసి, ప్రార్థన చేయనిది ఉత్త పిండేనమ్మా అని, అక్కడే తినేశారు. క్యారల్స్ పిల్లలు తలా ఒకటి అందుకోవడంతో సగం డబ్బా ఖాళీ. అప్పుడు నాయనమ్మ తనదొకటి తీసుకుని, పైనున్నదంతా కొంచెం కొంచెంగా గిల్లుకుని తిని, ఆ తెల్ల పొరని చివరికి ఉంచి, కళ్లు మూసుకుని ఏదో అనుకుని నోట్లో వేసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"అంత దూరం పోయి మన లవంగాలు, యాలకులే కొనుక్కొచ్చావా?"

ఎండుపళ్ల మాస్టారు వేసవి దాటలేదు. మార్చిలోనే చీమలు కనిపెట్టాయి. చివరికి తీగ, అక్రోటు తల మిగిలాయి. డబ్బూ అదృష్టం సంగతి నాకు తెలియదు గానీ, ఆ తల చాలాకాలం తమ్ముడి నాణేల డబ్బాలో దొర్లుతూ ఉండేది. సంత కప్పులో అమ్మ గరిటెలు పెట్టుకుంది. ఏంజెల్‌ని ఏటా క్రిస్మస్‌కి పాత దుప్పటిలోంచి తీసి, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ పైన నిలబెడతారు. గౌను మడతల్లో చిలుము చుక్కలు పడ్డాయి, గుంటూరు ఉక్కకి ఇత్తడి ఆగదు.

నాన్న పెన్సిళ్లలో ఒక్కటే చెక్కారు, చిన్న ముక్కయ్యేదాకా వాడారు. మిగతావి డబ్బాలోనే ఉన్నాయి. గౌస్ మాత్రం బల్ల మీది అద్దం కింద చేరాడు. ట్యూషన్‌కొచ్చే ప్రతి పిల్లాడికీ ఆ గ్రాఫు చూపించి, వాడు వినకపోయినా వివరించేవారు. జర్మనీ సెంట్రల్ బ్యాంకు పాత మార్కులని గడువంటూ లేకుండా ఇప్పటికీ యూరోల్లోకి మారుస్తుందని ఈమధ్య తమ్ముడు ఎక్కడో చదివి, నాన్న ముందు లెక్క కట్టాడు. పది మార్కులకి 5.11 యూరోలు. ఈరోజు రేటు ప్రకారం రూపాయల్లో ఎంతో కూడా చెప్పాడు.

నాన్న అంతా విని, "వెళ్లి రావడానికి టికెట్టు ఎంతరా?" అన్నారు.